పికప్ బండిలో స్టీరింగు చమురు కారుట, బ్రేకులు కాగుట – కారణము కనుగొను విధము

పంట పండించుటతో రైతు పని తీరదు. పండిన పంట చెడకుండ మార్కెట్టు చేరినపుడే శ్రమకు ఫలము దక్కును. ఎర్రగుంట్ల, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలో ఒకప్పుడు ఎద్దుబండి చేసిన పనిని నేడు చాలవరకు పికప్ బండి చేయుచున్నది. పులివెందుల వైపు అరటి గెలలు, చీనీకాయలు, జమ్మలమడుగు నల్లరేగడి చేలలోని శనగలు, ప్రత్తి, తిరుగు ప్రయాణములో ఎరువుల బస్తాలు, విత్తనములు, గొర్రెలు, అన్నియు దీనిమీదనే సాగుచున్నవి. బండి సొంతమైనను, బాడుగదైనను, అది దారిలో నిలిచిపోయిన యెడల ఎండలో వాడిపోవునది రైతు సరుకే. ఘాటు దారిలో బ్రేకు పట్టని యెడల పోవునది సరుకు మాత్రమే కాదు.

సేద్యము బోధించువారికి బండి జబ్బులతో పని యేమి అని కొందరు అడుగవచ్చును. జబ్బును గుర్తించు పద్ధతి చేనికైనను, బండికైనను ఒకటే. ఆకు పసుపు బారిన వెంటనే యూరియా చల్లరాదని మనము చెప్పుదుము. ముదురు ఆకులు ముందు పసుపు బారినచో నత్రజని లోపము కావచ్చును. లేత ఆకులు ముందు పసుపు బారినచో ఇనుము లోపము కావచ్చును. సున్నపు పాలు ఎక్కువగా నున్న మన నేలలలో వేరుసెనగకు ఈ రెండవది తరచు వచ్చును. అనగా జబ్బు ఎక్కడ మొదలైనదో చూచి కారణమును తేల్చుదుము. అట్లే చమురు కారిన వెంటనే పంపు మార్చుట, బ్రేకు కాగిన వెంటనే ప్యాడ్లు మార్చుట డబ్బు దండుగ. ఎక్కడ మొదలైనదో ముందు చూడవలెను.

1. పవర్ స్టీరింగు పనిచేయు విధము

బరువుతో నున్న బండి ముందు చక్రములను చేతిబలముతో త్రిప్పుట కష్టము. ఆ బలమును చమురు ఒత్తిడి ద్వారా సమకూర్చుటయే పవర్ స్టీరింగు. అమెరికాలో ఫ్రాన్సిస్ డేవిస్ అను ఇంజనీరు 1926వ సంవత్సరములోనే దీనిని ఒక కారుకు అమర్చి చూపెను. 1951లో క్రైస్లర్ సంస్థ తన ఇంపీరియల్ కారులో దీనిని అమర్చి అమ్మకమునకు తెచ్చినది.

ఇందులో ముఖ్యభాగములు ఐదు: చమురు డబ్బా, ఇంజను బెల్టుతో తిరుగు పంపు, ఒత్తిడి హోసు పైపు, చక్రములను త్రిప్పు స్టీరింగు బాక్సు లేక ర్యాకు, చమురును తిరిగి డబ్బాకు చేర్చు రిటర్ను పైపు. స్టీరింగు పూర్తిగా ఒక ప్రక్కకు త్రిప్పి పట్టినపుడు ఒత్తిడి పైపులో చదరపు సెంటీమీటరుకు సుమారు 70 నుండి 100 కిలోల వరకు ఒత్తిడి పుట్టును. బండి టైరులో నుండు గాలి ఒత్తిడితో పోల్చినచో ఇది ఎన్నో రెట్లు ఎక్కువ. రిటర్ను పైపులో మాత్రము ఒత్తిడి స్వల్పము.

అన్ని బండ్లకును ఈ ఏర్పాటు ఉండదు. కొన్ని చిన్న బండ్లకు చేతి స్టీరింగే కలదు. కొన్ని కొత్త బండ్లకు విద్యుత్ మోటారు సాయము చేయును. ఈ రెండింటిలో పంపు చమురు లేదు గనుక, క్రింద కనిపించు తడి మరియొక చోటినుండి వచ్చినదని తెలియవలెను.

2. కారినది ఏ చమురు?

రాత్రి బండి నిలిపిన చోట ఇంజను క్రింద ఒక తెల్లని అట్టను పరచి ఉంచవలెను. ఉదయము అట్టమీది మరకను చూచిన సగము సంగతి తెలియును.

ఎర్రగా, పలుచగా ఉండి, అట్ట ముందుభాగమున పడినచో అది స్టీరింగు చమురు కావచ్చును. పాతబడినచో ఇది గోధుమరంగుకు మారును. నల్లగా నున్నది ఇంజను ఆయిలు. చిక్కగా ఉండి గంధకపు వాసన కొట్టునది గేరు ఆయిలు. ఆకుపచ్చ లేక గులాబి రంగుతో నీరువలె ఉండునది రేడియేటరు కూలెంటు. రంగు లేకయో, లేత తేనె రంగుతోనో ఉండి, చక్రము లోపలి అంచున గాని, పెడలు దగ్గర గాని కనిపించునది బ్రేకు చమురు. ఇది రంగుమీద పడిన రంగు ఊడును. బ్రేకు చమురు కారుచున్నదని తేలినచో ఆ బండిని ఆ దినము రోడ్డు ఎక్కింపరాదు. తక్కిన వానికి కొంత వ్యవధి ఉండవచ్చును, దీనికి లేదు.

3. ఎక్కడినుండి కారుచున్నది?

మన ప్రాంతమున సిమెంటు ఫ్యాక్టరీల దారులలోను, నాపరాళ్ల గనులు, పాలిషు యూనిట్లు గల చోట్లను తెల్లని దుమ్ము మెండు. ఈ దుమ్ము సీళ్లను అరగదీయును గాని, జబ్బును చూపుటకు సాయము కూడ చేయును. బండి అడుగున అన్ని భాగములును పొడిగా, బూడిదరంగుగా నుండగా, చమురు కారు చోట మాత్రము దుమ్ము తడిసి నల్లని పెచ్చుగా కట్టును. అయితే బండి పరుగులో గాలి ఆ చమురును వెనుకకు తోసుకొని పోవును. కావున తడి అన్నిటికంటె పైన, అన్నిటికంటె ముందు ఎక్కడ ఉన్నదో అదియే మూలము. క్రింద చుక్క పడు చోటు మూలము కాదు.

ముందుగా ఇంజను చల్లారిన తరువాత ఆ భాగమును శుభ్రముగ కడిగి, తుడిచి, ఆరనీయవలెను. పిమ్మట డబ్బాలో చమురు మట్టమును గుర్తువరకు నింపి, ఇంజను నడిపించి, ఒక మనిషి స్టీరింగును రెండు ప్రక్కలకును నెమ్మదిగా త్రిప్పుచుండగా రెండవ మనిషి చూడవలెను. చివరివరకు త్రిప్పి 5 సెకండ్లకు మించి పట్టి ఉంచరాదు. పంపు కాగి చెడును. పైపులమీద చేయి పెట్టి తడిమి చూడరాదు. సన్నని రంధ్రమునుండి వెలువడు చమురు అంత ఒత్తిడిమీద చర్మమును చీల్చుకొని లోనికి పోవును. గాయము చిన్న పోటువలె కనిపించినను అది ప్రమాదకరము. వెంటనే ఆసుపత్రికి పోవలెను. పరీక్షకు చేతికి బదులు అట్టముక్కను వాడవలెను.

కనిపించు గుర్తులు ఇవి:

(అ) డబ్బా మూత చుట్టు తడి: చమురు ఎక్కువ పోసియుండవచ్చును, లేక లోపలికి గాలి చేరి నురుగు పొంగియుండవచ్చును. మట్టము సరిచేసి, రిటర్ను పైపు బిగింపు చూడవలెను.

(ఆ) రిటర్ను పైపు బిగింపు వద్ద తడి: క్లిప్పు వదులైనది, లేక రబ్బరు గట్టిపడినది. ఇది అన్నిటికంటె తక్కువ ఖర్చుతో తీరు లోపము. కావున ముందుగా దీనినే చూడవలెను.

(ఇ) ఒత్తిడి పైపులో రబ్బరు, ఇనుప గొట్టము కలియు నొక్కుడు వద్ద తడి: పైపు మార్చవలెను. దీనికి గుడ్డ చుట్టుట, టేపు వేయుట, మామూలు రబ్బరు గొట్టము తగిలించుట పనికిరాదు.

(ఈ) పుల్లీ వెనుక తడి, చుట్టును చిమ్మిన చుక్కలు, బెల్టు జారి కీచుమను ధ్వని: పంపు ఇరుసు సీలు పోయినది. చమురు పట్టిన బెల్టును కూడ మార్చవలెను.

(ఉ) స్టీరింగు బాక్సు అడుగున, చక్రములను లాగు చేయి బిగించిన చోట చుక్కలు: ఆ ఇరుసు సీలు పోయినది.

(ఊ) ర్యాకు గల బండిలో ప్రక్కనున్న ముడతల రబ్బరు తొడుగును నొక్కిన లోపల చమురు కదలుట: ర్యాకు లోపలి సీలు పోయినది. ఇది పెద్ద పని. తొడుగు మార్చినంతనే జబ్బు తీరదు.

చమురు కారకయే స్టీరింగు బరువైన యెడల ముందు టైర్లలో గాలి, బెల్టు బిగింపు, కీళ్లలో గ్రీజు చూడవలెను. ఎద్దుబండి ఇరుసుకు కందెన ఎండిన ఏమగునో పెద్దలకు తెలియును, ఇదియు అంతే. త్రిప్పునపుడు మూలుగువంటి ధ్వని వచ్చి, డబ్బాలో నురుగు కనిపించినచో, మట్టము తగ్గి పంపు గాలిని పీల్చుచున్నదని అర్థము.

డబ్బాలో పోయు చమురు కంపెనీ పుస్తకములో వ్రాసిన రకమే కావలెను. స్టీరింగు డబ్బాలో బ్రేకు చమురును, బ్రేకు డబ్బాలో స్టీరింగు చమురును ఎన్నడును పోయరాదు. రెండవ తప్పు మిక్కిలి ప్రమాదకరము. ఖనిజపు నూనె తగిలినచో బ్రేకులలోని రబ్బరులు క్రమముగా ఉబ్బును. మాస్టరు సిలిండరులో చమురు తిరిగి వచ్చు సన్నని రంధ్రము మూసుకొనును. పాదము తీసినను బ్రేకులు వదలవు. నాలుగు చక్రములును కాగును. అట్టి బండిలో రబ్బరు భాగములన్నియు మార్చవలసి వచ్చును.

4. బ్రేకులు ఏల కాగును?

బ్రేకు పని వేగమును వేడిగా మార్చుటయే. కావున కొంత వేడి సహజము. ఎంత వేడి పుట్టునో లెక్క చూతము. బండి బరువు 1,500 కిలోలు, సరుకు 1,500 కిలోలు, మొత్తము 3,000 కిలోలు అనుకొనుడు. ఈ బండి 200 మీటర్ల ఎత్తునుండి దిగినపుడు వెలువడు శక్తి, 30 డిగ్రీల వేడి గల 20 లీటర్ల నీటిని మరుగు స్థితికి తెచ్చుటకు చాలును. ఇంజను పట్టు లేకుండ దిగినచో ఈ వేడిలో ఎక్కువ భాగము నాలుగు చక్రములలోని కొద్దిపాటి ఇనుమునకే చేరును. సరుకు మరి 600 కిలోలు ఎక్కువైన, 20 లీటర్లు 24 లీటర్లగును. వేగము సంగతి ఇంకను తీవ్రము: గంటకు 30 కిలోమీటర్ల వేగమును ఆపుటకంటె 60 కిలోమీటర్ల వేగమును ఆపుటకు నాలుగు రెట్లు వేడి పుట్టును.

బ్రేకు చమురుకు గాలిలోని తేమను పీల్చు గుణము కలదు. డాట్ 3 రకము కొత్తదైనపుడు కనీసము 205 డిగ్రీల వరకు మరుగదు. 3.7 శాతము నీరు చేరిన పిదప 140 డిగ్రీలకే మరుగవచ్చును. డాట్ 4 రకమునకు ఈ అంకెలు 230, 155 డిగ్రీలు. మరిగిన చమురులో ఆవిరి బుడగలు పుట్టును. పాదము నొక్కిన ఆవిరి అణగును గాని బ్రేకు పట్టదు. కావున చూచుటకు బాగుగనే యున్నను బ్రేకు చమురును రెండేండ్లకు ఒకసారి మార్చవలెను. సగము వాడి మూత తీసి ఉంచిన పాత డబ్బాలోని చమురును వాడరాదు.

5. నాలుగు చక్రముల పరీక్ష

చదునైన దారిలో బ్రేకును వీలైనంత తక్కువ వాడుచు 10 కిలోమీటర్లు నడిపి, నెమ్మదిగా నిలుపవలెను. నాలుగు చక్రముల దగ్గరకు అరచేతి వెనుక భాగమును చేర్చి వేడిని పోల్చవలెను. తాకరాదు, కాలును. దూరమునుండి వేడి కొలుచు చిన్న యంత్రము దొరికిన మరియు మంచిది. ఎడమ చక్రమును కుడి చక్రముతోను, ముందు వానిని వెనుక వానితోను పోల్చుటయే ఇందలి కిటుకు.

ఒక్క చక్రమే కాగినచో లోపము ఆ చక్రమందే కలదు. కాలిపరు పిస్టను తుప్పు పట్టుట, కాలిపరు జరుగు పిన్నులు ఎండిపోవుట, హోసు పైపు లోపల ఉబ్బి చమురును తిరిగి రానీయకుండుట, బేరింగు అతిగా బిగియుట ముఖ్యకారణములు. నల్లరేగడి బురదలో తిరిగిన బండిలో బురద చక్రము లోపల చేరి, ఎండి, రాయివలె గట్టిపడును. కావున చేలోనుండి వచ్చిన దినముననే, చక్రములు చల్లారిన పిదప, లోపలివైపు కడుగవలెను.

వెనుక రెండును కాగినచో హ్యాండు బ్రేకు తీగ బిగిసియుండును, లేక షూలు అతిగా దగ్గరకు బిగించియుందురు.

ముందు రెండును మిక్కిలి కాగి, వెనుకవి చల్లగా నున్నచో వెనుక బ్రేకులు పనిచేయుట లేదు. చాల బండ్లకు వెనుక ఇరుసు దగ్గర బరువును బట్టి బ్రేకు ఒత్తిడిని పంచు వాల్వు ఒకటి ఉండును. బండి తొట్టి సరుకుతో క్రిందికి దిగినపుడు ఒక కడ్డీ ఈ వాల్వును కదల్చి, వెనుక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడిని ఇచ్చును. ఎక్కువ సరుకు మోయుటకై కమాను పట్టాలు అదనముగా వేయించినచో తొట్టి దిగదు. బండి ఖాళీగా నున్నదని వాల్వు మోసపోయి, వెనుక ఒత్తిడిని తగ్గించును. భారమంతయు ముందు బ్రేకులమీద పడును. పట్టాలు వేయించుకొనువారు ఈ సంగతి గ్రహింపవలెను.

నాలుగును కాగినచో మాస్టరు సిలిండరు, పెడలుకు కావలసిన స్వల్పపు వదులు లేకపోవుట, పైన చెప్పిన చమురు కల్తీ, లేక పెడలుమీద పాదము ఆనించి నడుపు అలవాటు కారణము కావచ్చును.

తరువాతి మెట్టు మెకానిక్కు చేత చేయింపవలెను. తక్కిన చక్రములకు రాళ్లు అడ్డుపెట్టి, కాగిన చక్రమును జాకీతో లేపి, స్టాండుమీద నిలిపి, బ్రేకు నొక్కి వదలి, చేతితో త్రిప్పి చూడవలెను. బిగిసియున్నచో గాలి తీయు మరను కొంచెము వదులు చేయవలెను. చక్రము వదలినచో ఒత్తిడి లోపల చిక్కుకొన్నది. హోసు పైపు గాని, మాస్టరు సిలిండరు గాని దోషి. హోసుకు పైనున్న ఇనుప గొట్టపు నట్టు వదలించినపుడు చక్రము వదలినచో లోపము మాస్టరు వైపు, వదలనిచో హోసులోనే. గాలి మర వదులు చేసినను చక్రము తిరుగనిచో పిస్టను, పిన్నులు, షూలు బిగిసినవని తెలియును. పరీక్ష ముగిసిన పిదప మరలు బిగించి, గాలి తీసి, మట్టము నింపనిదే బండిని కదల్పరాదు.

ఇచట ఒక మోసము కలదు. స్టీరింగు పైపునుండి కారిన చమురు ముందు చక్రపు ప్యాడ్లమీద పడిన పొగ వచ్చును, బండి ఒక ప్రక్కకు లాగును. చూచువారు బ్రేకు కాగినదని భ్రమపడుదురు. కావున పొగ వచ్చిన చక్రము పైభాగమున తడి కలదేమో ముందు చూడవలెను. చమురు త్రాగిన ప్యాడ్లు తుడిచిన బాగుపడవు. రెండు ప్రక్కలవియు మార్చవలెను.

6. పాదము చెప్పు గుర్తులు

దిగుడులో పెడలు మెత్తబడి లోనికి పోయినచో చమురు మరిగినది. పెడలు గట్టిగనే యుండి, కాలిన వాసన కొట్టుచు బండి నిలువనిచో ప్యాడ్లు, షూలు అతిగా కాగి పట్టు కోల్పోయినవి. పెడలు రాయివలె గట్టిపడి, వాసన ఏమియు లేనిచో, పాదమునకు సాయము చేయు వ్యాక్యూము లేదు. వ్యాక్యూము పంపును, దాని గొట్టమును చూడవలెను.

కొన్ని పెద్ద అమెరికా పికప్‌లలో స్టీరింగు పంపు చమురే బ్రేకులకును సాయపడును. అచట స్టీరింగు చమురు కారిన బ్రేకు కూడ బరువగును. మన డీజిలు బండ్లలో సాధారణముగా బ్రేకు సాయము వ్యాక్యూమునుండి వచ్చును. కాని రెండును ఇంజను తిరుగుటమీదనే ఆధారపడియున్నవి. డీజిలు మిగులునని దిగుడులో ఇంజను ఆపి బండిని జారవిడుచు అలవాటు ఎంత ప్రాణాంతకమో దీనివలన తెలియును. ఇంజను ఆగిన వెంటనే స్టీరింగు బరువగును. రెండు మూడు సార్లు నొక్కునప్పటికి నిలువయున్న వ్యాక్యూము తీరి బ్రేకును గట్టిపడును. న్యూట్రలులో దిగుటయు తగదు. ఇంజను పట్టు పోయి భారమంతయు బ్రేకులమీదనే పడును.

7. ఘాటులో పాటింపవలసిన పద్ధతి

కడప నుండి రాయచోటి పోవు దారిలోని గువ్వలచెరువు ఘాటు మన రైతులకు తెలిసినదే. రాయచోటి వైపునుండి కడపకు వచ్చునపుడు అది దిగుడు. తిరుగు సరుకుతో వచ్చు బండికి అచటనే పరీక్ష. ఎక్కుటకు ఏ గేరు కావలసి వచ్చునో, దిగుటకును ఆ గేరే వాడవలెను. ఆ గేరును దిగుడుకు ముందే వేయవలెను. బ్రేకును ఎడతెగక ఆనించి ఉంచరాదు. గట్టిగా నొక్కి వేగము తగ్గించి, పూర్తిగా వదలి, బ్రేకులకు గాలి తగులనీయవలెను.

పెడలు లోనికి పోయినచో కంగారుపడక వేగముగా పలుమార్లు నొక్కవలెను. గేరు ఒక్కొక్కటే తగ్గించవలెను. హ్యాండు బ్రేకును కొద్దికొద్దిగా లాగవలెను. హారను మ్రోగించుచు లోయ వైపు గాక కొండ వైపునకు బండిని చేర్చవలెను.

చక్రమునుండి పొగ వచ్చినచో చదునైన చోట నిలిపి, రాళ్లు అడ్డుపెట్టి, గంటసేపు చల్లారనీయవలెను. వెనుక డ్రమ్ములు కాగియున్నపుడు హ్యాండు బ్రేకు లాగి ఉంచరాదు. కాగిన డిస్కుమీద, డ్రమ్ముమీద నీళ్లు పోయరాదు. ఇనుము వంకర పోవును, పగులును. మంట లేచినచో మాత్రము మనుషులను దూరముగ పంపి, మంట ఆర్పు సిలిండరు గాని, నీరు గాని, మన్ను గాని వాడవలెను.

8. బరువు విషయము

ఆర్.సి. పుస్తకములో మొత్తము బరువు, ఖాళీ బరువు వ్రాసియుండును. మొదటిదానినుండి రెండవదానిని తీసివేసిన మిగిలినదే మోయదగిన బరువు. అది 1,500 కిలోలైనచో 75 కిలోల బస్తాలు 20 మాత్రమే. 28 బస్తాలు వేసినచో 600 కిలోలు ఎక్కువ. 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము ప్రకారము అధిక బరువునకు 20,000 రూపాయలును, ఎక్కువైన ప్రతి టన్నుకు మరి 2,000 రూపాయలును జరిమానా కలదు. కాని జరిమానాకంటె ముందు చూడవలసినది ఘాటులో పుట్టు వేడి. ఎనిమిది బస్తాల బాడుగ మిగుల్చుకొనుటకు బండిని, తోలువానిని పణముపెట్టుట లాభము కాదు.

గుర్తుంచుకొనదగినవి

వారమునకొకసారి స్టీరింగు, బ్రేకు డబ్బాల మట్టము చూచి ఒక పుస్తకములో వ్రాయుడు. బ్రేకు చమురు మట్టము నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గుట ప్యాడ్ల అరుగుదల వలన కావచ్చును; ఒక్కసారిగా తగ్గిన అది లీకే. కోతలు, కాయ తెంపులు మొదలగుటకు పదిహేను దినములు ముందే అట్ట పరీక్షయు, నాలుగు చక్రముల పరీక్షయు చేయుడు. సరుకు తొట్టికెక్కిన పిదప మరమ్మతుకు తీరిక దొరకదు. మెకానిక్కు దగ్గరకు పోవునపుడు “బ్రేకు సరిగా లేదు” అని మాత్రము చెప్పక, ఏ చక్రము కాగినదో, పెడలు మెత్తబడినదో, గట్టిపడినదో, తడి ఏ రంగుతో ఎక్కడ కనిపించినదో చెప్పుడు. బాడుగ బండి మాట్లాడుకొనునపుడు కూడ ఈ నాలుగు ప్రశ్నలును తోలువానిని అడుగుడు. అడుగు హక్కు సరుకు గల రైతుకు కలదు.